పొట్లచెరువు బాటలో పిల్లల కథకులు

హైదరాబాదునుండి పుణెకు పోవు రాజమార్గముపై వాయవ్యముగా సుమారు 30 కిలోమీటర్లు పోయినచో పటాన్‌చెరువును, మఱి యించుమించు అంతదూరము పోయినచో సంగారెడ్డియు తగులును. ఈ రెండూళ్ళ చుట్టునున్న నేల నేడు మన రాష్ట్రములోని పెద్ద పారిశ్రామిక ప్రాంతములలో నొకటి. రామచంద్రాపురమున విద్యుద్యంత్రములు చేయు పెద్ద కర్మాగారము, ఇస్నాపురము ప్రక్కను పాశమైలారము పారిశ్రామికవాడ, ఎద్దుమైలారమున సైన్యమునకు బండ్లు చేయు కర్మాగారము, కందిలో ఐ.ఐ.టి. విద్యాలయము, వీనినడుమ లెక్కకు మిక్కిలిగా మందుల కర్మాగారములు. బస్సు కిటికీలోనుండి చూచుచు పోవువారికి ఈ సీమ యనగా నివియే యని తోచును. కాని యీ బాటప్రక్క ఊరిలో ఒక తెనుగు కావ్యము అంకిత మందినదనియు, ఆ కావ్యమునకును పిల్లలకు కథలు వ్రాయువారి కష్టమునకును చుట్టరికము కలదనియు మేము చెప్పినచో సోదరీమణులు నవ్వుదురేమో! ఆ చుట్టరికమును చూపుటకే యీ వ్యాసము.

మాది సంగారెడ్డి. మావారు ఈ బాటపైనే యొక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. మొన్న సంక్రాంతి సెలవులలో పిల్లల నిద్దఱిని వెంటబెట్టుకొని మేము పటాన్‌చెరువునకు పోయి వచ్చితిమి. 2023 డిసెంబరునుండి మన రాష్ట్రమున ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు గనుక మాకును అమ్మాయికిని సున్న టిక్కెట్లును, మావారికిని అబ్బాయికిని రూకల టిక్కెట్లును దొరకినవి. అబ్బాయి దారిపొడవునను ఈ యన్యాయమును గూర్చియే వాదించుచుండెను. బస్సులో సగమునకు పైగా స్త్రీలే. ఒకామె ఒడిలో టిఫిను డబ్బా, మెడలో కర్మాగారపు గుర్తింపు బిళ్ళ. పగలంతయు మాత్రలను పెట్టెల కెత్తుట తన పని యని చెప్పెను. కంది, రుద్రారము దాటి ఇస్నాపురము వచ్చునప్పటికి రోడ్డునకు రెండువైపుల లారీలు బారులు తీఱియున్నవి. ముత్తంగి కడ నగరమును చుట్టివచ్చు పెద్ద రహదారి క్రిందుగా పోయి పటాన్‌చెరువు చేరితిమి.

ఈ ఊరి ప్రక్కనే 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ పరిశోధనాలయ మున్నది. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పంటల విత్తనములను దేశదేశములనుండి తెచ్చి చల్లని గదులలో భద్రపఱచియున్నారు. ఒక్క గింజయు నశింపరాదని వారి పట్టుదల. ఆ గోడవెంట పోవుచు మా అమ్మాయి, ‘కథలను గూడ ఇట్లు దాస్తారా అమ్మా?’ యని యడిగినది. ఆ ప్రశ్న మమ్ము నాడంతయు విడువలేదు.

పటాన్‌చెరువు మిక్కిలి పాతయూరు. కళ్యాణి చాళుక్యులలో రెండవ జయసింహుడు 11వ శతాబ్దమున పొట్టలకెఱె యను పట్టణమునుండి పాలించెననియు, ఆ పట్టణమే యిదియనియు చరిత్రకారులు చెప్పుదురు. తెనుగువారు దీనిని పొట్లచెరువనిరి. 16వ శతాబ్దమున గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకొనిరి. ఆ ప్రభువు కాలమున అమీనుఖాను అను అధికారి యీ పొట్లచెరువున నుండెను. పొన్నికంటి తెలగన యను కవి తన ‘యయాతి చరిత్రము’ను ఆయనకు అంకితము గావించెను. మన భాషలో అచ్చతెనుగున వెలసిన మొదటి కావ్య మిదియే. అమీనుఖాను పేరు సమీపముననున్న అమీన్‌పురమున నిలిచినదని పెద్దలు చెప్పుదురు. మేము సాకిచెరువు గట్టుదాక నడచి, ఒకరిద్దఱిని తెలగన పేరు చెప్పి యడిగితిమి. వారు తలయూచి, అది యే కంపెనీ యని మమ్ములనే యడిగిరి!

మా తండ్రిగారు మాకు ఇంటనే అమరమును, భారత భాగవతములను చెప్పిరి. తెలగన కావ్యమును గూడ చదివించిరి. అచ్చతెనుగనగా నేమో తెలియని సోదరీమణుల కొఱకు రెండు మాటలు చెప్పుదుము. సూర్యుడు, పుత్రుడు, వృక్షము మొదలగునవి సంస్కృతమునుండి వచ్చి యట్లే నిలిచిన మాటలు. ఇట్టివి యొక్కటియు రాకుండ పొద్దు, కొడుకు, చెట్టు అనుచు కావ్యమంతయు నడపవలెను. పండితునకు చేతిలోనున్న మాటలలో సగమును వదలుకొనుట ఎంత కష్టమో యోచింపుడు. తేలికమాటలతో వ్రాయుట తేలిక యని లోకము తలచును. కాని పెద్దమాట లోపమును కప్పును; చిన్నమాట దానిని బయటపెట్టును.

పిల్లలకు వ్రాయువాడు ప్రతిదినమును ఈ నియమమునే పాటించుచున్నాడు. పెద్దలకు వ్రాసినదానిలో ఒక మాట తెలియకున్నచో చదువరి దాటి పోవును. పిల్లవాడు పుస్తకము మూసి యాటకు పోవును. వాక్యము పొడవైనచో తుదకు వచ్చులోపల మొదలు మఱచును. కథ మొదట వర్ణన పెంచినచో ‘తరువాత ఏమైంది?’ యనును, కడపట నీతి తగిలించినచో లేచిపోవును. అందుచేత కథకుడు వ్రాసినదానిని బయటికి చదువుకొని, నాలుక తొట్రుపడినచోట మాట మార్చి, మరల చదువుకొని, మరల మార్చును. రెండు పుటల కథకు ఇరువది పుటల కాగితము చినుగును. చదివినవారికి మాత్రము అది అప్పుడే నోటనుండి వచ్చినట్లుండవలెను.

ఇట్టి కష్టమున జీవితములు గడపినవారు మనలో గలరు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసునుండి చందమామను వెలువరించిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో కన్నుమూయువఱకు ఆ పత్రికను దిద్దిరి. సంపాదకుడుగా వారి పేరు పత్రికపై నుండెడిది కాదు. పెద్దలకొఱకు నవలలు, కథలు, వ్యాసములు వందలకొలది వ్రాసిన ఆ చేయియే చందమామకు వచ్చిన కథలను పిల్లలకు అందునట్లు తిరుగ వ్రాయుచుండెను. మన బాల్యమున చదివి మురిసిన యా సాఫీయైన తెనుగు ఎవరిదో మన కప్పుడు తెలియదు.

1932లో గుంటూరు జిల్లాలో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యముగారు 1952లో, ఇరువదియేండ్ల వయసున, చందమామ కార్యాలయమున చేరిరి. 1954లో వారి ‘తోకచుక్క’ ధారావాహికగా మొదలైనది. తరువాత మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము మొదలైనవి కలిపి మొత్తము 12. నెలకొక భాగము వ్రాయవలెను. ప్రతి భాగము తుదను వీరు లేదో యొక యాపదలో చిక్కవలెను. మఱునెల వఱకు తెలుగుదేశములోని పిల్లలందఱు ఊపిరి బిగబట్టి వేచియుండవలెను. ఆ కథలకు చిత్రగారి బొమ్మలు తోడైనవి. ఇతర భాషల చందమామలలోనికి మారి దూరదేశముల పిల్లలకును చేరినవి. అయినను వాని క్రింద వ్రాసినవారి పేరు లేదు. 2006 వఱకు, 54 ఏండ్లు ఆ పత్రికలో పనిచేసి, 2010 జనవరిలో వారు గతించిరి. ఆ కథలు వ్రాసినది వీరని పెక్కుమంది పాఠకులకు తాము తల్లిదండ్రులైన తరువాతనే తెలిసినది. మా యత్తగారికి నేటికిని రాకాసిలోయ కథ కంఠోపాఠము. వ్రాసినవారి పేరు మేము చెప్పగా మొన్ననే వినిరి.

తక్కినవారి సంగతియు చూడుడు. న్యాయపతి రాఘవరావుగారు (1905–1984), కామేశ్వరిగారు (1908–1980) రేడియో అన్నయ్య, అక్కయ్యలై 1945లో ‘బాల’ పత్రికను నడపి, 1956 తరువాత హైదరాబాదున బాలానంద సంఘమునకు తమ బ్రదుకు ధారపోసిరి. తురగా జానకీరాణిగారు (1936–2014) హైదరాబాదు ఆకాశవాణిలో ఉద్యోగము చేయుచు పిల్లల కార్యక్రమములు నడపి, రెండవ తరమువారికి అక్కయ్యయైరి. సాహిత్య అకాడమి 2010లో బాలసాహిత్య పురస్కారము నేర్పఱచినప్పుడు తెనుగున మొదట నందుకొన్న కలువకొలను సదానందగారు బడిపంతులు. 2017లో నందుకొన్న వాసాల నరసయ్యగారు మెట్‌పల్లి ప్రాంతమువారు, తపాలాశాఖలో ఉద్యోగి. స్త్రీలలో 2013లో డి. సుజాతాదేవిగారును, 2020లో కన్నెగంటి అనసూయగారును ఈ పురస్కారము పొందిరి. వీరిలో పెక్కుమందికి కూడు పెట్టినది ఒక పని, కథ వ్రాయించినది మఱొక పని. పగటి కొలువు ముగిసిన తరువాతనో తెల్లవాఱుజాముననో మిగిలిన గంటయే పిల్లలది.

యయాతి కథ సోదరీమణు లెఱిగినదే. శుక్రుని శాపమున ముసలితనము రాగా, ఆ రాజు తన కొడుకులను పిలిచి వారి పడుచుతన మడిగెను. తక్కినవారు కాదనగా కడగొట్టు పూరుడు ఇచ్చెను. కొడుకు వయసును తండ్రి అనుభవించిన కథ యిది. పిల్లలకొఱకు వ్రాయువారు దీనికి ఎదురునడక నడచువారు. తమ యేండ్లను తీసి ఇతరుల బిడ్డల బాల్యమున కిత్తురు.

మరలివచ్చునపుడు మేము ఇస్నాపురమున దిగితిమి. మావారి బడికి వచ్చు పిల్లలలో పెక్కుమంది ఈ చుట్టుపట్ల ఒక్కొక్క గదియే యిల్లుగా నున్నవారు. తలిదండ్రులు బీహారు, ఒడిశా, బెంగాలులనుండి పనికి వచ్చినవారు. మన పాలమూరు, శ్రీకాకుళములనుండి వచ్చినవారును కలరు. ఆ పిల్లలు ఇంట భోజ్‌పురియో ఒరియాయో, వీధిలో హిందీ, బడిలో తెలుగు మాటాడుదురు. ఏడేండ్ల పిల్ల చంకలో తమ్ముని మోయుచు మూడు భాషలలో వానిని లాలించుట మేము కన్నులార చూచితిమి. వీరికి తెలుగు చదువు ఎక్కడ మొదలు పెట్టవలెను? తెలగన వదలిన మాటలు వదలి, నోట మెదలు మాటలతోనే గదా!

మఱియొక చిక్కు గలదు. ఈ సీమలో నక్కవాగను వాగు పాఱి మంజీరలో కలియును. దశాబ్దములు కర్మాగారముల మురుగు దీనిలో చేరినది. ఈ కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టున వ్యాజ్యము పడినది. 2007లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞులు ఇచటి శుద్ధికేంద్రమునుండి వెడలు నీటిలో మందుల ద్రవ్యములు మిక్కుటముగా నున్నవని ప్రకటింపగా దూరదేశములును ఈ ఊరి పేరు వినినవి. అట్టి వాగుదాపున కూర్చుండి నక్క, కొంగ, ఎండ్రకాయల కథ చెప్పిన పిల్లలు తెల్లబోవుదురు. వాగు పేరులోనే నక్క యున్నది గాని వారు నక్క నెఱుగరు. వారెఱిగినది సైరను కూత, షిఫ్టు, ఇనుప గేటు, తండ్రి పసుపుపచ్చని టోపి. పంచతంత్రము మానవలెనని మా మాట కాదు. దానితోపాటు వారి బ్రదుకును గూడ కథ చేయువారు కావలెనని మా మాట.

మేమును ఎనిమిదేండ్లుగా పిల్లలకు కథలు వ్రాయుచున్నాము. మా వీధికి మంజీర నీరు వచ్చు తెల్లవాఱుజామే మాకు వ్రాతవేళ. కుళాయి క్రింద బిందె నుంచి గడపకడ కూర్చుండి వ్రాయుదుము; బిందె నిండు చప్పుడు మారగానే కలము దించి లేచుదుము. ఒక కథ ముగియుటకు ఎన్ని బిందెలు నిండవలెనో! శనివారములందు మావారి బడికి పోయి, వ్రాసినది పిల్లలకు చదివి వినిపింతుము. ఒకనాడు చందమామ రాత్రి వచ్చి తెల్లవాఱగానే పోవునని చదువుచుండగా ఒక పిల్లవాడు లేచి, ‘చందమామది నైట్ షిఫ్టా మేడమ్?’ యనెను. పిల్లలెవరును నవ్వలేదు. ‘మా నాన్నది గూడ అంతే’ యని వేఱొక పిల్ల మెల్లగా ననెను. మాటలలో తెలిసినది: ఆమె తండ్రి పగలు నిద్రించును; ఒక్కటే గది; అందుచేత సెలవునాడు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు చప్పుడుకాని యాటలే యాడవలెను. ఆ యాటలు పదియో పండ్రెండో ఆమె మాకు నేర్పినది. పెదవులు కదలించి పాట పాడుటయు, నోటిమాట లేక చేసైగలతోనే బేరమాడుటయు వానిలోనివి. ఆ యాటలనే మేము కథగా వ్రాసితిమి.

ఆ కథ పుస్తకమగుటకు పడిన పాట్లు వేఱు. చందమామ తెనుగు ప్రతి 2013 నాటికి ఆగిపోయినది. బాలమిత్ర, బొమ్మరిల్లు అంతకుముందే మా పిల్లలకు కథలోని వస్తువులైనవి. ఇప్పుడు దినపత్రికల యాదివారపు పుటలును, కొలదిపాటి పత్రికలును దిక్కు. ఒక ప్రచురణాలయమువారు మా కథలు బాగున్నవనియు, అచ్చుఖర్చు మేము భరించి 500 ప్రతులు మేమే తీసికొనవలెననియు వ్రాసిరి. రంగుల బొమ్మలు వేసినచో ఖర్చు మూడింతలగు నట. బొమ్మలు లేక పిల్లలు చదువరు. బొమ్మలున్నచో మాబోటివారు అచ్చువేయలేరు. మా నగ తాకట్టు పెట్టుదమని మేమంటిమి. వలదని మావారు తమ చీటీ ఎత్తి యిచ్చిరి. ఆ ప్రతులలో సగము బడులకు ఊరక పంచితిమి. సగము మా అటకపై నున్నవి. మన రాష్ట్రమున పిల్లలకు వ్రాయు ఉపాధ్యాయులను, గృహిణులను అడిగిచూడుడు. అటకమీద ఇట్టి మూట లేని యిల్లు అరుదు.

ఈ కష్టమెందుకని బంధువు లడుగుదురు. 2025 జూన్ 30వ తేదీ ఉదయమున పాశమైలారములోని యొక మందుల కర్మాగారమున పేలుడు సంభవించి 50 మందికి పైగా చనిపోయిరి. దూరరాష్ట్రములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు వారిలో ననేకులు. ఆ వారము ఈ బాటపైని బడులలో పలకకును బలపమునకును పని లేకపోయెను. పిల్లలు మావారిని పాఠ మడుగలేదు. ‘ఏదైనా కథ చెప్పండి సారూ’ అనిరట. ఏ కథ చెప్పవలెను? రాకుమారుడు ఏడు సముద్రములు దాటి తిరిగివచ్చిన కథ చెప్పుదమా? తిరిగిరాని తండ్రిని గూర్చి పిల్లలకు తెలియు మాటలలో, భయపెట్టక, అబద్ధమాడక చెప్పు కథ మనకెక్కడ నున్నది? అది వ్రాయువారు కావలెను. వారికి తీరిక కావలెను. తీరికకు ఆదరువు కావలెను. మేమును ఆ కథను అప్పటినుండి వ్రాయుచునే యున్నాము. ఇంకను కుదురలేదు.

తెలగనకు అమీనుఖాను దొరికెను. పరభాషవాడైనను ఆ ఖాను తెనుగు తేటమాటకు విలువకట్టెను. నేటి కథకులకు అట్టి ప్రభువు లెవరని యోచించితిమి. పుస్తకము కొను చేయి ప్రతి యింటను గృహిణిదే. నెలసరి సరకుల పట్టీలో పప్పు, చింతపండుల క్రింద ‘పిల్లల పుస్తక మొకటి’ అని వ్రాయుట మన చేతిలోనిది. పుట్టినరోజు పేరంటమునకు వచ్చిన పిల్లలకు ప్లాస్టిక్కు బొమ్మకు బదులు కథలపుస్తక మిచ్చుటయు మన చేతిలోనిదే. సికింద్రాబాదులోని మంచి పుస్తకమువంటి సంస్థలు చౌకగా పుస్తకములు వేయుచున్నవి. ఇంట పనిచేయు మనిషి బిడ్డకును ఒక ప్రతి యిచ్చినచో ఆ పుస్తకము పదిమంది చేతులు మారును.

ఇంకొక చిన్న మనవి. మా కథ ఆదివారపు పుటలో వచ్చినప్పుడు ఆ కాగితమును బడికి కొనిపోయితిమి. చప్పుడుకాని యాటలు నేర్పిన పిల్ల మా పేరుపై వ్రేలుంచి కూడబలుకుకొని చదివి, మా మొగము చూచి, ‘కథలు మనుషులు రాస్తరా మేడమ్?’ యని యడిగినది. చెట్టునుండి కాయ రాలినట్లు కథలు వచ్చునని ఆ బిడ్డ తలచినది కాబోలు! తరములుగా పేరులేక అచ్చైన కథలు చదివిన మనమును ఇంచుమించు అట్లే తలచితిమి. తానును వ్రాయవచ్చునా యని ఆమె మఱునా డడిగినది. ఇప్పుడామె నోటుపుస్తకమున నాలుగు కథలున్నవి. ఒకటి భోజ్‌పురి, మూడు తెలుగు. నాలుగింటి క్రిందను తన పేరు పెద్ద అక్షరములతో వ్రాసికొన్నది.

కావున సోదరీమణులారా! ఈ రాత్రి మీ బిడ్డకు కథ చదువునపుడు మొదట వ్రాసినవారి పేరును, బొమ్మ వేసినవారి పేరును బయటికి చదువుడు. తరువాత కథ మొదలుపెట్టుడు.